కాయలు చాలని తులాభారం

మా మేనత్త పోయిందని కబురు వచ్చేసరికి నేను టెక్కలి కాలేజీలో పాఠం చెబుతున్నాను. వజ్రపుకొత్తూరు దాటి మా ఊరు చేరేసరికి ఆమె వసారా నిండా తల్లులు కూర్చుని ఉన్నారు. పిల్లలు మాత్రం ఓ మూల అంబలి తాగుతున్నారు. "పిల్లల అంబలి ఆపితే లేసొచ్చి తిడతాది," అంది ఒకావిడ. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు.

పది పన్నెండేళ్ల కిందట మా ఊళ్లో తల్లులు చేపలు ఎండబెట్టడానికి ఇసకలోకో, జీడిపిక్కల పనికి పలాసకో తెల్లారేసరికి వెళ్లిపోయేవారు. చంటివాళ్లు ఆకలికి ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవారు. మా అత్తకు పిల్లలు లేరు, కొబ్బరితోట ఉంది. పిల్లల్ని తన వసారాలో వదిలి వెళ్లమంది. చెట్ల మధ్య ఖాళీలో మొదట టమాటా వేసింది. ఉప్పుగాలికి మాడిపోయింది. "గాలికి నచ్చలేదంట," అని మునగ, బచ్చలి, అంబలికి చోళ్లు, అంటే రాగులు, వేసింది. పిల్లను దింపిన తల్లి తోటలో రెండు బిందెల నీళ్లు పోసి పనికెళ్లాలి. మా అత్త అడిగిందల్లా అదే.

పోలి అని ఒక పిల్ల. రెండేళ్లు నిండినా నిలబడేది కాదు. పోలికి ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. ఊళ్లోకి మందులిచ్చే నర్సమ్మ పిల్లల్ని తూచడానికి కాటా తెస్తే తల్లి పిల్లను కొంగులో దాచేసింది.

"తూకమేత్తే సిక్కిపోద్దమ్మా."

"సేపల్ని ఎండబెట్టమన్నారే నిన్ను, పిల్లని గాదు," అంది మా అత్త. తర్వాత వసారా దూలానికి కావిడి వేలాడదీసి, ఒక తట్టలో పోలిని కూర్చోబెట్టి, రెండో తట్టలో కొబ్బరికాయలు వేయించింది. "ఇది తూకం గాదు. పున్నమి పున్నమికీ అమ్మోరికి తులాభారం."

తల్లి చేతులు జోడించింది. ఆ కాయలు మొక్కు తీరాక పిల్లల కూరలోకే వచ్చాయి.

నాకు అనుమానం. "కాయలన్నీ ఒకే బరువుంటాయా అత్తా?"

"ఉండవే కోడలా. తట్ట దిగడం తల్లి కళ్లారా సూడాల. అసలు లెక్క నర్సమ్మ సూసుకుంతాది."

మునగాకు పప్పు, ఎండు నెత్తళ్ల చేపల పొడి కలిపిన అన్నం, నర్సమ్మ ఇచ్చిన మందు. మొదటి పున్నమికి తేడా లేదు. రెండో దానికీ అంతే. ఆ రోజు తల్లి తోటలో నీళ్లు పోస్తూ ఏడ్చింది. మూడో పున్నమికి ఇంకో కాయ పట్టింది. దాన్ని తల్లే వేసింది. వానలు వెనకబట్టేసరికి పోలి కావిడి తాడు పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత దాన్ని పట్టుకొచ్చి తట్టలో కూర్చోబెట్టడమే మాకు పెద్ద పని.

అది తోట వల్లో, మందు వల్లో ఇప్పటికీ నేను గట్టిగా చెప్పలేను. ఆ వసారాలో పిల్లలు ఒళ్లు చేయడం మాత్రం చూశాను. "కాయలు సాలని రోజు రావాలే," అనేది మా అత్త ప్రతి పున్నమికీ.

దినకార్యం మర్నాడే పున్నమి. కావిడి ఎవరు కడతారని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్న పోలి స్టూలెక్కి కట్టేసింది. చంటివాళ్ల వంతు అయ్యాక తనే తట్టలో కూర్చుంది.

"నన్నూ ఎయ్యండి."

"తాడు తెగుద్దే, ఏనుగుపిల్లా," అంది వాళ్లమ్మ, కాయలు అందిస్తూ.

రెండో తట్ట గోపురంలా నిండింది. ఇంట్లో కాయలు అయిపోయాయి. పోలి తట్ట నేల మీంచి లేవలేదు. పైనున్న కాయ ఒకటి జారి వసారా మెట్ల మీంచి తోటలోకి దొర్లింది. పిల్లలంతా కేకలేస్తూ దాని వెంట పరిగెత్తారు.