మా అయ్యగారికి జబ్బు చేసినప్పుడు

మొన్న ఎండాకాలంలో ఒక పెళ్లి విందులో నా పక్కన కూర్చున్నాయన గ్లాసులోని ఐసు ముక్కను నోట్లో వేసుకుని కొరికాడు. ఆ చప్పుడుకు నా చేతిలో ముద్ద ఆగిపోయింది. హనుమకొండలో మా సంఘానికి చాలా ఏళ్లు పాస్టరుగా ఉన్న ఏసురత్నం అయ్యగారు గుర్తొచ్చారు. మా దగ్గర పాస్టరును అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలవడం అలవాటు. కిడ్నీలు పాడయ్యాక డాక్టర్లు ఆయనను నీళ్లు కొలిచి తాగమన్నారు. దాహం పట్టలేనప్పుడు చిన్న ఐసు ముక్క నోట్లో పెట్టుకుని, అది కరిగేదాకా మాట్లాడకుండా కూర్చునేవారు. ఓపిక లేని రోజు దాన్ని కొరికేసి, దొంగతనం చేసినవాడిలా అమ్మగారి వైపు చూసేవారు.

ఆయనను నేను దగ్గరగా చూసింది మా నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు. అప్పుడే సుబేదారిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. చూడటానికి వచ్చినవాళ్లంతా మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేసి, ఆమెన్ అనగానే వెళ్లిపోయేవారు. అయ్యగారు మాత్రం బైబిలు కిటికీలో పెట్టి, మంచం మీదే కూర్చుని, నాన్న పడిపోయిన చేతిని తన ఒడిలోకి తీసుకున్నారు. "గోళ్లు బాగ పెరిగినయి రాజన్నా. బిడ్డా, నెయిల్ కట్టర్ ఉన్నదా?" అని అడిగారు. తీరిగ్గా ఒక్కో వేలూ పట్టుకుని గోళ్లు తీశారు. మాట పడిపోయిన నాన్న ఆయన ముఖంలోకే చూస్తూ పడుకున్నాడు. ప్రార్థన చివర్లో చేశారు, అదీ నాలుగు మాటలే. గుమ్మం దాటుతూ నాతో, "మంచం పట్టినోళ్ల ఇంటికి పోతే ముందుగాల ఏం పని ఉన్నదో చూడాలె. ప్రార్థన ఎటు పోతది?" అన్నారు.

ఆ తర్వాత స్త్రీల సమాజం తరఫున నేను కూడా ఆయన వెంట ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాను. ఏ ఇంట్లో ఏమిచ్చినా కాదనేవారు కాదు. "వద్దంటే చిన్నబోతరు" అని ఒక్క సాయంత్రంలోనే ఎన్నో చాయ్‌లు తాగేవారు. ఎవరు బాగుండకపోయినా ఆయనకు ముందే తెలిసేది. ఆయన ఒంట్లో బాగాలేదన్న సంగతి మాత్రం మాకెవరికీ తెలియలేదు. ఒక ఆదివారం ప్రసంగానికి ముందు ఆయనే చెప్పారు. "నా కిడ్నీలు పనిచేస్తలేవు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవాలె. వేరేవాళ్ల నోట మీరు వినుడెందుకని నేనే చెప్తున్న." అంతే, ఆనాటి వాక్యం చదవడం మొదలుపెట్టారు.

ఆరాధన ముగిశాక కొందరు ఏడ్చారు. దేవుని సేవకుడికే ఇలా జరిగితే మన విశ్వాసం ఏమిటని కొందరు గుసగుసలాడారు. ఒక పెద్దమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "ఉపాసముండి ప్రార్థన చేద్దాం అయ్యగారు, ఆ మిషిన్లు మనకొద్దు" అంది. ఆయన నవ్వి, "చెయ్యమ్మా, తప్పకుండ చెయ్యి. నేను మిషిను మీద గూడ పండుకుంట" అన్నారు.

ఇక ఆ ఇంటికి జనం తండోపతండాలుగా వచ్చారు. పొద్దున ఒక గుంపు, సాయంత్రం ఇంకో గుంపు. అందరిదీ ప్రేమే. ఒకరోజు నేను స్కూలు నుంచి అటే వెళ్లేసరికి ముందుగదిలో పాటలు పాడుతున్నారు. అయ్యగారు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. లోపల కరుణమ్మ అమ్మగారు సింకు దగ్గర నిలబడి చాయ్ గ్లాసులు కడుగుతున్నారు. పొయ్యి మీద మళ్లీ పాలు పెట్టి ఉన్నాయి.

"మీరు తిన్నరా అమ్మగారు?" అన్నాను.

ఆమె పొయ్యి కట్టేసి, అక్కడే స్టూలు మీద కూర్చున్నారు. "ఆయన ఎట్లున్నడని అందరు అడుగుతాండ్రు సుజాతా. నన్ను ఈ మాట అడిగింది నువ్వే" అన్నారు. కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నారు.

అక్కడి నుంచి నేరుగా కాజీపేటలో ప్రభాకర్ మామ ఇంటికి వెళ్లాను. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు, మా సంఘ పెద్దల్లో మొదటివారు. చెప్పిందంతా విని, "నేను గూడ అదే ఆలోచన చేస్తున్న. అయ్యగారిని రెస్టు తీసుకోమందాం. వేరే పాస్టరును పంపుమని పైవాళ్లను అడుగుదాం. ఆయనకు ఈ ఫికర్ ఎందుకు?" అన్నారు.

"ఆయనను అడిగిన్రా మామా?"

అడగలేదు. ఇద్దరం కలిసి వెళ్లి అడిగాం. అయ్యగారు ఇద్దరినీ కూర్చోమన్నారు. "మీరు మంచికే అంటున్నరు. కానీ పని గూడ తీసుకుంటే నాకు మిగిలేది జబ్బొక్కటే కదా ప్రభాకర్" అన్నారు. మామ ఆ మాట అక్కడితో వదిలేశారు. తోడుగా ఎవరినైనా దవాఖానకు పంపుతామంటే మాత్రం అయ్యగారు ఒప్పుకోలేదు. ఆటోలో తానే వెళ్లి రాగలనన్నారు. ఆ విషయంలో మొండిమనిషి.

కొన్నాళ్లకు డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి దవాఖాన మెట్ల మీదే కూలబడ్డారు. ముక్కూ మొహం తెలియని ఆటో అబ్బాయి ఎత్తుకుని తెచ్చి ఇంట్లో దింపాడు. ఆ ఆదివారం మొదటిసారి కుర్చీలో కూర్చుని ప్రసంగించారు. ప్రసంగం మధ్యలో ఆగి, "మీకు చేసుడు నాకు వచ్చు. మీతోని చేయించుకునుడు వస్తలేదు. ఇగ నేర్చుకుంట, జర ఓపిక పట్టుండ్రి" అన్నారు.

ఆ తర్వాత పని తేలికయింది. ఒక ఆదివారం ఆయన, ఒక ఆదివారం పెద్దల్లో ఒకరు ప్రసంగం చెప్పేవారు. పరామర్శకు సాయంత్రం పూట ఇద్దరేసి వెళ్లేవారు, చాయ్ ఫ్లాస్కులో వాళ్లే పట్టుకెళ్లేవారు. దవాఖాన రోజుల్లో మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ ఏదో ఒక ఇంటి నుంచి వెళ్లేది. మేం కొందరం ఇల్లు చూసుకుంటామని చెప్పి, అమ్మగారిని ములుగులో ఉన్న చెల్లెలి దగ్గరకు వారం రోజులు పంపించాం. తిరిగొచ్చినప్పుడు ఆమె ముఖం తేటపడి ఉంది. దవాఖానకు తోడు ఎక్కువగా ప్రభాకర్ మామే వెళ్లేవారు. మిషిను పక్కన స్టూలు మీద కూర్చుని రైళ్ల కబుర్లు చెప్పేవారు. అయ్యగారు నిద్రపోతే ఊరికే కూర్చునేవారు. మామ అంతసేపు మాట్లాడకుండా ఉండగలరని అంతకుముందు మేమెవరం అనుకోలేదు.

ఓపిక ఉన్న రోజు అయ్యగారు ఇళ్లకూ వచ్చేవారు. ఇచ్చిన చాయ్ కాదనకుండా తీసుకుని, గ్లాసు చేతుల మధ్య పట్టుకుని మాట్లాడేవారు. ఇంటివాళ్లు అటు తిరగగానే నాకు అందించేవారు. ఆ రోజుల్లో నేను తాగినన్ని చల్లారిన చాయ్‌లు ఎప్పుడూ తాగలేదు.

అలా కొన్నేళ్లు గడిచాయి. చివరి వానాకాలంలో ఒక ఆదివారం, ఏసు జ్ఞాపకంగా రొట్టె పంచే ప్రభు భోజనం ఇస్తుండగా ఆయన చేతిలో రొట్టె పళ్లెం వణికింది. అందరికీ ఇచ్చి, ఆఖరున తాను తీసుకోవడం ఆయన పద్ధతి. ఆ రోజు ప్రభాకర్ మామ లేచి వెళ్లి పళ్లెం అందుకుని, ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, మొదటి ముక్క ఆయనకే ఇచ్చారు. అయ్యగారు రెండు చేతులూ చాచి తీసుకున్నారు. తర్వాత మేం ఒక్కొక్కరం వెళ్లాం. నెల తిరగకుండానే ఆయన పోయారు. సంఘం పాస్టరుకిచ్చే ఇంట్లోనే, మా సంఘానికి పాస్టరుగానే పోయారు.

పోయిన ఏడాది నాకు ఆపరేషన్ అయింది. కుడిచెయ్యి పైకి లేచేది కాదు. స్త్రీల సమాజం నుంచి ఇద్దరు వచ్చారు. ఒకామె వంటింట్లోకి వెళ్లింది. ఇంకొకామె నా జుట్టు చూసి, "దువ్వనా అక్కా?" అంది. ఎవరితోనూ చేయించుకునే అలవాటు లేనిదాన్ని. వద్దు, నేనే చూసుకుంటానన్న మాట నోటిదాకా వచ్చింది. ఆగాను. దువ్వెన ఎక్కడుందో చెప్పి, ఆమె వైపు వీపు తిప్పి కూర్చున్నాను.