ప్లాస్టిక్ కప్పకు కర్పూర హారతి

మిత్రులందరికీ సవినయ నమస్కారములు.

కుప్పం నుంచి వచ్చే నా పాత సహోపాధ్యాయునికి, నేను స్వయంగా పట్టిన కొరమీనుతోనే శుక్రవారం రాత్రి పులుసు పెడతానని మాట ఇచ్చాను. అందుకై ఆ ఉదయమే నా బావమరిది రెడ్డెప్పను వెంటబెట్టుకొని మదనపల్లె బజారుకు వెళ్లి, గాలానికి ఎరగా తగిలించే మెత్తని ప్లాస్టిక్ కప్పలను చాలాసేపు పరిశీలించాను. అతనికి ఎర్రది నచ్చింది. బురదనీటిలో నలుపే చేపకు స్పష్టంగా కనబడుతుందని వాదించి, నేను నల్లదానినే కొన్నాను. ఇంటికి వచ్చి నేను గాలపు కర్రను తుడుచుకుంటూ ఉండగా, రెడ్డెప్ప కప్పను పళ్లెంలో ఉంచి, పసుపు కుంకుమలు పెట్టి, దాని ముందే కర్పూరం వెలిగించాడు. కాళ్లు కరిగి, కప్ప పళ్లేనికి అతుక్కుపోయింది.

"కప్పకు హారతి ఎందుకప్పా?" అని అడిగాను.

"కొత్త సామాను గదా బావా. పూజ సేయకుండా యాడన్నా నీళ్లలోకి ఏస్తారా?"

రాత్రి అతిథికి వంకాయ పులుసు వడ్డించి, జరిగినదంతా విన్నవించాను. ఆయన సావధానంగా విని, "శుక్రవారం పూట నల్లది యాల కొంటివి సార్?" అన్నాడు. రెడ్డెప్ప ఆయనకు మరింత పులుసు వడ్డించాడు.

తప్పు రంగుదో, కర్పూరానిదో మీరే తేల్చి రాయండి. ఈ లేఖను మీ ఇంటిల్లిపాదికీ బిగ్గరగా చదివి వినిపించవలసినదిగా ప్రార్థన. రెడ్డెప్ప పక్షం వహించేవారు మాత్రం మనసులో చదువుకుంటే చాలు.