మూగ రాకుమారికి ఎవరు అడిగారు వరం?

నాలుగేళ్ల కిందట నారాయణఖేడ్‌లో జరిగిన కథల పోటీకి ఒక మాయల కథ పంపాను. అందులో మూగ రాకుమారి కోట బురుజెక్కి, చేసైగలతోనే సైన్యాన్ని నడిపించి గెలుస్తుంది. చెవులు వినబడని, మాటలు రాని మా అక్కను చూసే అది రాశాను. కంది చేనులో అందరూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు గొంతు చించుకుంటుంటే, మేమిద్దరం చేతులతోనే అన్నీ చెప్పుకుంటాం.

బహుమతుల రోజు, పోటీ పెట్టిన సారు నా కథను మైకులో చదువుతున్నాడు. ముందు వరసలో నేను అక్కకు సైగలతో చెబుతున్నాను. చివర్లో ఆయన నేను రాయనిది చదివాడు. దేవత వరమిచ్చిందట, రాకుమారికి మాటలొచ్చాయట, అప్పుడు గెలిచిందట! జనం చప్పట్లు కొట్టారు. నా చేతులు ఆగిపోయాయి. ఏమైందని అక్క అడిగితే చెప్పక తప్పలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నన్నడగకుండ ఎట్ల మార్చిండ్రు సారూ?" అని అందరి ముందే అరిచాను.

"పాపం, మూగపిల్లను గట్లనే ఇడిచిపెడ్తమా ఏంది? జర మంచిగ చేసిన" అన్నాడు నవ్వుతూ.

అది కూడా అక్కకు చెప్పాను. ఆమె చేతులు ఒక్కటే అడిగాయి. వేదికెక్కి, మైకు లాక్కుని చెప్పాను.

"మా అక్క అడుగుతున్నది. సైగలతోనే గెలిచిన పిల్లకు మీరు చేసిన మంచేంది?"

బహుమతి శాలువా అక్కడే వదిలేసి వచ్చాం. నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.