అయిదు వోల్టుల కక్ష

చైతన్యపురిలో ఇంజనీరింగ్ పిల్లలకు ఆఖరి ఏడాది ప్రాజెక్టులు చేసి అమ్మే సెంటర్లు వీధికి రెండు ఉంటాయి. అలాంటి ఒకదానిలో నేను సర్క్యూట్లు గీసేదాన్ని. పిల్లలు వస్తారు, బోర్డు పట్టుకుపోతారు, కాలేజీలో తామే చేశామని చెబుతారు. దాని మంచిచెడ్డల జోలికి నేను పోను. నా గొడవ మా ఓనరుతో.

లాప్‌టాప్‌కు యూఎస్‌బీ వైరుతో తగిలించి చిన్న మోటారును తిప్పే బోర్డు ఒకటి మా దగ్గర బాగా పోయేది. మోటారుకు కరెంటు కూడా ఆ వైరులో వచ్చే అయిదు వోల్టులే. అందుకని ఆ దారిలో ఒక కాపలా చిప్ పెట్టాను. మోటారు హద్దు మీరి కరెంటు లాగితే అది సరఫరా ఆపేస్తుంది, లాప్‌టాప్‌కు దెబ్బ తగలనివ్వదు. మా ఓనరుకు అదే గిట్టేది కాదు. డెమోలో మోటారు మధ్యలో ఆగితే పరువు పోతుందట. నేను ఇంటికి వెళ్ళాక సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చుని, చిప్ పీకేసి, దాని చోట తీగముక్క అతికించేవాడు ఆ మహానుభావుడు.

నాకీ సంగతి తెలిసింది అల్మాస్‌గూడ నుంచి ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చిన రోజున. మోటారు ఇరుక్కుపోయి వాళ్ళ లాప్‌టాప్ కాలిపోయింది. సెకండ్ హ్యాండుదే, కానీ ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే. ఆ అమ్మాయి ఏడుస్తోంది. తండ్రి గొంతు ఎత్తకముందే ఓనరు నా వైపు వేలు చూపించాడు.

"మేడం డ్రాయింగ్‌లనే మిస్టేక్ ఉన్నదన్నా. మాకేం ఎరుక, ఆమె గీసిచ్చినట్లే చేసినం."

బోర్డు తిప్పి చూశాను. నా చిప్ లేదు, తీగ ఉంది.

"ఇది నేను పెట్టింది కాదండీ. ఇక్కడ చిప్ ఉండాలి, ఎవరో తీసేశారు," అన్నాను.

"ఎవరు తీస్తరు మేడం? దొంగలొచ్చి తీస్తరా?" అని ఓనరు నవ్వాడు.

ఆ తండ్రి నన్ను తిట్టలేదు. "పిల్లల సదువులతోని ఆటలాడకు బిడ్డా," అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. అక్కడున్న పిల్లలందరి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. మేడం గీసిన బోర్డు పెడితే లాప్‌టాప్ పోతుందన్న మాట నాలుగు రోజులు తిరక్కుండానే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళన్నీ పాకింది. నాకు అన్నం సహించేది కాదు. ఉద్యోగం మానేయమని మా అమ్మ పోరింది. మానేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. పైగా ఆయన సుఖంగా ఉంటాడు. ఆ ఊహకే ఒళ్ళు మండిపోయేది.

కొత్త డ్రాయింగ్ గీశాను. లాప్‌టాప్‌తో మాట్లాడేది ట్రాన్స్‌సీవర్ అనే ఇంకో చిప్. పాత బోర్డులో దానికీ కాపలా చిప్‌కూ సంబంధం లేదు. ఈసారి రెండింటికీ ముడి పెట్టాను. దారి క్షేమంగా ఉందని కాపలా చిప్ సంకేతం పంపితేనే ట్రాన్స్‌సీవర్‌కు కరెంటు అందుతుంది. చిప్ పీకి తీగ అతికిస్తే ట్రాన్స్‌సీవర్ లేవదు, బోర్డు తగిలించిన సంగతే లాప్‌టాప్‌కు తెలియదు. మోటారు కూడా మధ్యలో ఆగకుండా నెమ్మదిగా వేగం అందుకునేలా మార్చాను. పీకడానికి ఆయనకు ఏ సాకూ మిగలకూడదు. అయినా ఆ చేతి దురద పోదని నాకు తెలుసు.

"సార్, ఇందులో చిప్ తీస్తే బోర్డు పనిచేయదు," అని అందరూ వింటుండగానే చెప్పాను.

"మీరు డ్రాయింగ్ సూస్కోండి మేడం. మిగిలింది నేను సూస్కుంట," అన్నాడు.

డెమో రోజున ఎల్బీనగర్ వైపు పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, గది నిండా జనం. ఎప్పటిలాగే రాత్రి చిప్‌లన్నీ పీకేసి, ఎప్పటిలాగే ఆయనే వైరు గుచ్చాడు. ఏమీ లేదు. ఇంకో బోర్డు తీశాడు, వైరు మార్చాడు, లాప్‌టాప్ మార్చాడు, ఉఫ్ఫుమని ఊదాడు కూడా. "ఏందన్నా, రేపు కాలేజీల గూడ గిట్లనే ఉంటదా?" అని ఒక తల్లి అడిగింది. ఆయన మెడ మీద చెమట కారుతుంటే నేను ఫ్యాను కింద కూర్చుని చూశాను. అంత హాయి నాకు ఆ ఆఫీసులో ఎన్నడూ దొరకలేదు.

చివరికి నా కుర్చీ దగ్గరికి వచ్చి వంగాడు. "మేడం, జర ఏమన్న చేయండి. ఇజ్జత్ పోతున్నది."

బ్యాగులోంచి చిప్ ఉన్న బోర్డు తీశాను.

"చేస్తాను సార్. ముందు అల్మాస్‌గూడ ఆయనకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టండి. ఆ రోజు చిప్ తీసిందెవరో చెప్పండి."

"ఇప్పుడా? అందరున్నరు మేడం."

"అప్పుడూ అందరూ ఉన్నారు."

చేశాడు. "అన్నా, ఆ రోజు మేడం తప్పేం లేదన్నా. చిప్ నేనే తీసిన. బిడ్డకు లాప్‌టాప్ నేనిప్పిస్త."

అవతల నుంచి ఆ తండ్రి, "గట్లనా. ఆ మేడంను నేను ఊకెనే అంటి," అన్నాడు.

ఓనరు ఫోన్ పెట్టేసి నా చేతిలోని బోర్డు కోసం చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.

"వెనక ఉన్నవాళ్ళకి వినపడలేదు సార్. వాళ్ళకోసం ఇంకోసారి చెప్పండి."

అందరికీ వినపడింది. నాకే ఒకసారి చాలలేదు.