సీజను చివరి దుప్పి

ఆ దీవిలో సీజను చివరికి మిగిలినవి మామూలు దుప్పులు కావు. తెలివితక్కువవన్నీ మొదట్లోనే కూరైపోయాయి. మిగిలినవాటికి మనిషి చెమట వాసన, విల్లు కిర్రుమనడం, బూటు కింద ఆకు నలగడం అన్నీ కంఠోపాఠం. ఇంకొన్నాళ్లు బతకనిస్తే ఎమ్‌సీయే పరీక్ష రాసి ఫస్టు క్లాసులో పాసయ్యేవి కూడా. అలాంటి దుప్పి మీదికి, పుట్టి బుద్ధెరిగి ఈగని కూడా గురి చూసి కొట్టని గోదావరి జిల్లా కోబాల్ ప్రోగ్రామర్ని పంపించారంటే, దేవుడికి దుప్పుల మీద ఉన్న జాలి నామీద లేదని అర్థం.

ఎందుకు వెళ్లానంటే, ఉద్యోగం కోసం వెళ్లాను. మాటవరసకి అనడం లేదు, నిజంగానే ఉద్యోగం కోసం.

అప్పట్లో నేను సింగపూర్ సైన్స్ పార్క్‌లో ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. రాఫెల్స్ ప్లేస్ బ్యాంకుల ముసలి ప్రోగ్రాములన్నీ మా దగ్గరికే వైద్యానికి వచ్చేవి. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి మతి పోతుందని, విమానాలు కొబ్బరికాయల్లా రాలతాయని లోకమంతా వణికింది. ఆ వణుకు మీదే మేం బతికాం. ఊపిరి తీసుకోగలిగిన ప్రతి తెలుగువాడికీ ఉద్యోగం దొరికింది. ఊపిరి ఆడనివాళ్లకి కూడా టెస్టింగులో ఇచ్చారు. తీరా ఆ సంవత్సరం వచ్చింది. ఒక్క విమానమూ రాలలేదు. రాలడం మొదలెట్టింది మేమే. సోమవారం వచ్చేసరికి ఎవరిదో ఒకరి కుర్చీ ఖాళీగా ఉండేది. మిగిలినవాళ్లం ఆ కుర్చీ వైపు చూడకుండా కాఫీకి వెళ్లొచ్చేవాళ్లం.

అలా రాలగా రాలగా మా జట్టులో ఇద్దరం మిగిలాం. నేనూ, హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన నా స్నేహితుడూ. కొత్త ప్రాజెక్టుకి లీడుగా ఒక్కణ్ణే ఉంచుకుంటానని బాస్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు. రెండోవాడికి ఆ దేశంలో ఉండనిచ్చే ఉద్యోగం పాసు రద్దవుతుంది. పాసు పోయిందంటే సామాను కట్టుకుని విమానం ఎక్కాల్సిందే.

నాకు ఇండియా కొత్తేం కాదు. కొత్త మా అమ్మాయికి. అది పుట్టింది జురాంగ్ ఈస్ట్‌లో. ఆ ఏడే ప్రైమరీ స్కూల్లో చేరింది. యూనిఫారం తొడిగిన రోజున మా బ్లాకులో తలుపు తెరిచి ఉన్న ప్రతి ఫ్లాటుకీ వెళ్లి గిర్రున తిరిగి చూపించి వచ్చింది. సెలవులకి మా ఊరు తీసుకెళితే, "వెన్ ఆర్ వీ గోయింగ్ హోమ్?" అని అడిగే పిల్ల. దాన్ని అక్కణ్ణించి పెరికి ఎక్కడ నాటాలో మాకు తెలియదు. నా స్నేహితుడిదీ అదే కథ. వాళ్లు మా కింది అంతస్తులోనే ఉండేవారు. వాళ్లబ్బాయీ మా అమ్మాయీ ఒకే క్లాసు.

ఇక బాస్. సింగపూర్ చైనీయుడే, మాట చివర ఊరికే ఒక 'లా' తగిలించే రకం. మంచివాడు. అదే వచ్చిన చిక్కు, చెడ్డవాడైతే ఇన్నేళ్లూ హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఆయనకి విలువిద్య పిచ్చి. ఆఫీసు గదిలో గోడకి మూడు విళ్లు వేలాడేవి. అప్రైజల్‌కి వెళ్లినవాడు ముందు వాటిని చూసేవాడు, ఆ తర్వాత జీతం పెంచమని అడగడం మానేసేవాడు. ఆయన స్నేహితుడెవరికో ఫెర్రీలో వెళ్లేంత దూరంలో ఒక దీవిలో ఎస్టేటు, అందులో కంచె కట్టిన అడవి, అడవిలో పెంపకం దుప్పులు ఉన్నాయి. వానలు దిగే ముందు ఆఖరి వేటకి ఏటా వెళ్లేవాడు. ఆ ఏడు మమ్మల్నిద్దరినీ రమ్మన్నాడు.

"వేట కాదన్నా, ఇంటర్వ్యూ," అన్నాడు నా స్నేహితుడు లిఫ్టులోనే. "బాణం పట్టుకొని ఇచ్చే ఇంటర్వ్యూ. సమజైందా?"

సమజవడానికేముంది! ఆ సాయంత్రమే ఇద్దరం క్లబ్బు మైదానంలో నేర్చుకోవడం మొదలెట్టాం. నాకు అంతకు ముందు తెలిసిన విలువిద్యల్లా చిన్నప్పుడు దసరాకి పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరిగి, గిలకబాణంతో జనం మీద పువ్వులు కొట్టి పప్పుబెల్లాలు తెచ్చుకోవడం. ఈ విల్లు నారి లాగితే నా భుజం నుంచి వచ్చిన చప్పుడుకి పక్క మైదానంలో ఫుట్‌బాల్ ఆట ఆగింది. మొదటి బాణం ఎటు వెళ్లిందో ఇప్పటికీ ఆచూకీ లేదు. మలేషియా వైపు వెళ్లిందని నా అనుమానం. కానీ భయం గొప్ప గురువు కాబట్టి వేట నాటికి నేనూ ఫర్వాలేదనిపించాను. అట్ట దుప్పి గుండెల్లో వరసగా గుచ్చేవాణ్ణి. బాస్ చూసి బొటనవేలు ఎత్తాడు కూడా.

ఇంట్లో మా ఆవిడ మాత్రం వేరే శిక్షణ ఇచ్చింది.

"ఏవండీ, ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ముందు ఆయన్ని కొట్టనివ్వండి. ఆయన కొట్టాక మీరు కొట్టండి."

"ఈలోగా దుప్పి ఊరుకుంటుందిటే?"

"ఊరుకోకపోతే పోయింది. పెద్దాయన పక్కనుండగా మీరు ఎగబడి కొట్టేశారనుకోండి, పైకి నవ్వినా లోపల పెట్టుకుంటారు. మా నాన్న వాళ్ల యజమాని పెదబాబుగారి ముందు ముప్పై ఏళ్లు పేకాడారు. ఒక్క ఆటా గెలవలేదు. అందుకే కదా ఆ ఉద్యోగం నిలబడింది!"

నవ్వాను గానీ నాకూ లోపల అదే లెక్క. మకాన్‌కి, అంటే అక్కడి భాషలో భోజనానికి, వెళితే బాస్ చాప్‌స్టిక్స్ ఎత్తేదాకా నా చెంచా గాలిలోనే ఉండేది. లిఫ్టు తలుపు తెరుచుకుంటే నేను పక్కకి తప్పుకుని చెయ్యి చూపించేవాణ్ణి. ఒకసారి అలా తప్పుకుంటూ తప్పుకుంటూ లిఫ్టు బయటే ఉండిపోయాను. మీటింగు నేను లేకుండానే అయిపోయింది.

ఫెర్రీలో వెళుతుంటే బాస్ మా ఇద్దరికీ ఒకే ఒక్క నియమం చెప్పాడు. దుప్పి ఎవరికి ఎదురుపడితే వాళ్లే కొట్టాలి. "డోంట్ ఆస్క్ మీ, ఆ? యూ సీ, యూ షూట్." అని ఫెర్రీ ముందు వైపు వెళ్లిపోయాడు.

నా స్నేహితుడు నా పక్కకి జరిగాడు. "అన్నా, ఇప్పుడే చెప్తున్నా. నీకొస్తే నువ్వు కొట్టు. నాకొస్తే నేను కొడతా. షర్మాయించేది, మొహమాటపడేది లేదు. తర్వాత దిల్‌ల పెట్టుకునేది లేదు. మంజూరేనా?"

"మంజూరే," అన్నాను.

ఆ మాటలో ఎక్కడా లొసుగు లేదు. అప్పటినుంచీ వెతుకుతూనే ఉన్నాను.

తెల్లవారుతూనే అడవిలోకి దిగాం. అడవి అంటే చెట్లూ పిట్టలూ అనుకునేరు. అది ఆవిరి పట్టిన ఇడ్లీ పాత్ర లోపలి భాగం. ముందు నేను, నా వెనక బాస్, ఎడమ పక్కగా కాస్త ఎడంగా నా స్నేహితుడు. గాలి ఎదురుగా వచ్చేట్టు చూసుకుని, మోకాళ్ల మీదా మోచేతుల మీదా పాకాం. జలగలు నన్ను చూసి బంధువుల్ని పిలిపించుకున్నాయి. గండుచీమ ఒకటి చొక్కాలో దూరి నా నడుం చుట్టూ ప్రదక్షిణాలు మొదలెట్టింది. గోక్కోవడానికి లేదు, దగ్గడానికి లేదు. మా ఆఫీసులో చివరి నెలలన్నీ నేను సరిగ్గా అలాగే గడిపాను కాబట్టి ఆ విద్య నాకు కొత్తేం కాదు. కదలకుండా, కనబడకుండా, ఎవరి కంటా పడకుండా ఉండడంలో అప్పటికే నిపుణుణ్ణి.

ఎండ ఎక్కుతుండగా పొద దాటి చూస్తే, ఉంది.

చిన్న నీటి మడుగు. దాని పక్కన మగ దుప్పి. కొమ్ములు మా బ్లాకు టీవీ యాంటెన్నా అంత. తల వంచి నీళ్లు తాగుతోంది. పక్కటెముకలు ఊపిరికి పైకీ కిందకీ ఆడుతున్నాయి. నాకు అడ్డంగా, అట్ట దుప్పిని ఎలా నిలబెట్టేవారో అలా నిలబడింది. సీజనంతా తప్పించుకున్న ఘటికుల జాతిలోంచి వచ్చిన ఈ మహానుభావుడు, నాకోసమే కాస్త ఏమరుపాటుగా వచ్చినట్టుంది.

మోకాళ్ల మీద లేచాను. నారి లాగాను. విల్లు కిర్రుమనలేదు. నామీద నాకే అనుమానం వచ్చింది, వీడెవడా అని. బాణం మొన దాని భుజం వెనక కుదురుకుంది. వేళ్లు వదిలితే చాలు. మా అమ్మాయి స్కూలు, మా ఆవిడ వంటింటి కిటికీలోంచి కనిపించే రైలు, అన్నీ ఆ మూడు వేళ్ల దగ్గర ఉన్నాయి.

అప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను.

మెడ దానంతటదే తిరిగింది. అడగొద్దన్న పెద్దమనిషిని నిజంగానే అడక్కపోతే ఏమనుకుంటాడో అని. కనుబొమలు ఎగరేసి, గడ్డంతో దుప్పిని చూపించి, పెదాలు మాత్రం కదిపి, "సార్, మీరు?" అన్నాను.

బాస్ ముఖం నేనెప్పటికీ మర్చిపోను. రైలు పట్టాల మీద కూర్చుని టైము అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు.

నారి వదిలిన చప్పుడు ఎడమ పక్కనుంచి వచ్చింది. ఇటు తిరిగేసరికి నా స్నేహితుడి పెదాలు ఇంకా కదులుతున్నాయి. బిస్మిల్లా చెప్పుకుని వదిలాడు. దుప్పి ఎగిరింది. నాలుగు గంతులు వేసి, మోకాళ్లు మడిచి, మడుగు అవతల కూలబడింది. అతను లేచి పరిగెత్తాడు, కత్తితో చెయ్యాల్సిన హలాల్ పని ఊపిరి ఉండగానే చెయ్యాలని. నేను నారి లాగిన చెయ్యి అలాగే పట్టుకుని ఉన్నాను. దించడం కూడా ఎవరైనా చెప్తే బాగుండుననిపించింది.

"వై యూ లుక్ ఎట్ మీ?" అన్నాడు బాస్. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని. "ఐ యామ్ నాట్ ద డీర్, లా."

తిరుగు ఫెర్రీలో బాస్ దూరంగా కిటికీ పక్కన కూర్చున్నాడు. నా స్నేహితుడు నా పక్కనే కూర్చున్నాడు. "అన్నా, అది తల ఎత్తింది. నిన్ను చూసింది. ఇంకో క్షణం అయితే ఎవరికీ దక్కేది కాదు," అన్నాడు.

"తెలుసు."

"నేను ఆగి చూశా. అల్లా కసమ్. నువ్వు తిరగ్గనే..."

"తెలుసన్నాను కదా!"

నిజంగానే తెలుసు. అందుకే అరిచాను.

బాస్ నన్ను పిలవడానికి వారం పట్టింది. పాపం, ఆయనకీ కష్టంగానే ఉన్నట్టుంది. నాకు కుర్చీ చూపించాడు. ఆయన కూర్చున్నాక కూర్చున్నాను. నా పని బాగుంటుందన్నాడు. చాలా జాగ్రత్త మనిషినన్నాడు. జాగ్రత్త మనుషులు తన దగ్గర చాలామంది ఉన్నారన్నాడు. లీడు అనేవాడు అవకాశం కనబడితే పట్టుకోవాలి, వెనక్కి తిరిగి చూడకూడదన్నాడు. నా వినయమే నా గుణమనుకున్నాను ఇన్నాళ్లూ. దానివల్లే ఈ సముద్రం దాటాననుకున్నాను. ఆయన దృష్టిలో అదొక జబ్బు. ఆ మాట నోటితో అనకుండా, నా ఆరోగ్యం గురించి బాధపడే డాక్టరులా చూశాడు. నేను లేచి "థాంక్యూ సార్" అన్నాను. ఉద్యోగం తీసేసినందుకు థాంక్స్ చెప్పిన మనిషి సింగపూర్ చరిత్రలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. తలుపు దగ్గర ఆయన కూడా బయటికే వస్తున్నాడు. పక్కకి తప్పుకుని దారిచ్చాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. వింటూ చిక్కుడుకాయలు ఒలిచింది. ఒలిచినవన్నీ తొక్కల్లో పడేసి, తొక్కలు గిన్నెలో వేసింది. పెదబాబుగారి పేకాట సంగతి నేను ఎత్తలేదు. తనూ ఎత్తలేదు. మా కాపురంలో ఇప్పటిదాకా ఎత్తలేదు. అమ్మాయికి ఎప్పుడు చెబుదామంది. పరీక్షలు అయ్యాక అన్నాను.

ఆ ఆదివారం తలుపు తట్టారు. నా స్నేహితుడు. చేతిలో పొట్లం, రెండు పొరల సంచీలో చుట్టి, చల్లగా. ఎస్టేటు నుంచి మాంసం వచ్చిందట. వాళ్లలో వేట మాంసం ఒక్కళ్లే తినరు, పంచాలి. చుట్టుపక్కలవాళ్లకి, దగ్గరివాళ్లకి.

"దగ్గరోళ్లంటే ఇక్కడ మీరే కదన్నా," అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గడపలో నిలబడి చెప్పుల వైపు చూస్తున్నాడు.

వద్దని ముఖాన చెప్పి తలుపు వేయాలనుంది. మంజూరే అన్న మనిషిని కాబట్టి చెయ్యి చాచాను. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి, "ఉండండి అన్నయ్యగారూ, కాఫీ తాగి వెళ్లండి," అంది. గొంతు మామూలుగానే ఉంది. ఆడవాళ్లకి ఎలా వస్తుందో ఆ విద్య. "మళ్లెప్పుడైనా వదినా," అని అతను మెట్ల వైపు వెళ్లిపోయాడు. లిఫ్టుకి కూడా ఆగలేదు.

మా ఆవిడ వండింది. గసగసాలు, కొబ్బరి నూరి, గోదావరి పద్ధతిలో. బాగుండకూడదని మనసులో మొక్కుకున్నాను. ముదురు మగ దుప్పి, సీజను చివరిది, తోలు చెప్పులా సాగుతుందని ఆశపడ్డాను. వెన్నలా ఉంది. పళ్లు పని లేకుండా ఊరికే కూర్చున్నాయి. నేను రెండోసారి వేయించుకున్నాను. కళ్లల్లో నీళ్లొస్తే మిరియాలన్నాను. మిరియాలు వెయ్యలేదని మా ఆవిడ అనలేదు.

మా అమ్మాయి ఎముక చీకుతూ, ముక్కు దాకా పులుసు పూసుకుని, "సో నైస్, డాడీ! నెక్స్ట్ ఇయర్ ఆల్సో అంకుల్‌ని తెమ్మను లా," అంది.

"తెస్తాడమ్మా," అన్నాను. "తప్పకుండా తెస్తాడు."