గుంపులో కలిసిన గీత

ఆఫీసులో నా పక్క బల్ల అతనిది. ఫొటోల్లో సగం ముఖమే పడే రకం. తన పెళ్లి ఫొటోల సంగతే చెబుతున్నాను. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా, కూర్చోబోతే నలుగురూ చూస్తారని నిలబడే వస్తాడు. అలాంటివాడికి నలుగురి ముందూ నిలబెట్టే పనే దొరికింది.

మా పని వాతావరణాన్ని కంప్యూటర్‌లో నడిపించి చూడడం. భూగోళం మొత్తానికి వేసిన లెక్కను తీసుకుని, ఒక్కో ప్రాంతాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, రాబోయే ఏళ్లలో అక్కడ ఎండలూ వానలూ ఎలా ఉంటాయో చూస్తాం. ప్రపంచమంతటా ఇలాంటి బృందాలున్నాయి. మా ప్రాంతానికే ఎనిమిది బృందాలు విడివిడిగా లెక్కలు వేస్తాయి. ఏడాదికోసారి, ఎండ ఎంత పెరుగుతుందో చూపే అందరి గీతలనూ ఒకే తెరమీద చూపిస్తారు. ఏడు గీతలు ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్తే, మావాడు వేసిన గీత ఒక్కటే చాలా పైన ఉండేది.

"మీ గీత మేడెక్కి కూర్చుందేమండీ, దించరా?" అనేవాడు అవతలి బృందం పెద్దాయన. హాలంతా నవ్వేది. అతనికి కొలిమి అన్న పేరు అక్కడే పడింది. నేనూ నవ్వాను.

మూడో ఏడు అతను తట్టుకోలేకపోయాడు. మేఘాలు ఎండను ఎంత అడ్డుకుంటాయో చెప్పే విలువ ఒకటి లెక్కలో ఉంటుంది. అదెంతో ఎవరికీ కచ్చితంగా తెలియదు కాబట్టి కాస్త అటూ ఇటూ జరపొచ్చు. అతను జరిపాడు. పాత విలువ నిజంగా కొలిచిన మేఘాలతో సరిపోయేది. కొత్తది తోటివాళ్ల గీతలతో సరిపోయింది. ఎందుకు మార్చాడో నివేదికలో రాయలేదు. ఆ ఏడు ఎవరూ నవ్వలేదు సరికదా, పెద్దాయన భుజం తట్టాడు.

చిక్కేమిటంటే, ఎండ ఎక్కడిదాకా పోవచ్చో తెలియాల్సినవాళ్లు సగటు చూడరు, అన్నిటికన్నా పైనున్న గీత చూస్తారు. ఆ గీత ఇతనిదే. అది గుంపులో కలిసేసరికి, భవనాలు కట్టేవాళ్లు చూసుకునే పైహద్దు కూడా దిగిపోయింది.

అతని అక్క ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. బడికి కొత్త గదులు కడుతుంటే ఇంజినీరు ఆ నివేదిక చూసి, రేకుల కప్పు చాలు, దాని కింద వేడిని ఆపే పొర అక్కర్లేదన్నాడు. అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, నువ్వు వేసిన లెక్కేనట కదా. రేకులు చాలంటావా?"

"చాలక్కా," అన్నాడు. ఫోన్ పెట్టేసి చాలాసేపు చెమట తుడుచుకున్నాడు. ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

గదులు కట్టాక రెండో వేసవిలో ఒక ఉదయం నాకు అంతా చెప్పేశాడు. నాకు ఒళ్లు మండింది. "నవ్వులపాలు కాకూడదని పిల్లల్ని పెనం మీద కూర్చోబెట్టావా?" అన్నాను. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నానని అతను గుర్తు చేయలేదు. అందుకే ఇంకా సిగ్గేసింది.

"బృందాలన్నిటికీ నిన్ననే రాసి పంపాను. పాత విలువతో మళ్లీ లెక్క వేశానని, ఎందుకు మార్చానో కూడా రాశాను. అక్కకే చెప్పలేకపోతున్నా. నువ్వు కూడా రా. ఒక్కణ్ణే వెళ్తే చెప్పకుండా తిరిగొచ్చేస్తాను," అన్నాడు.

వెళ్లాం. కొత్త గదులు ఖాళీగా ఉన్నాయి. పిల్లలంతా బయట గోడ నీడలో కూర్చుని, అది జరిగినప్పుడల్లా తామూ జరుగుతున్నారు. అక్క కిటికీలకు తడి దుప్పట్లు కడుతోంది. తమ్ముణ్ణి చూడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"ఈయనే మా తమ్ముడు. ఎండలెలా ఉంటాయో ముందే లెక్క కడతాడు," అని పిల్లలకు చెప్పింది. "ఈ రెండేళ్లూ ఏదో తేడా వచ్చింది గానీ, వచ్చే ఏడు హాయిగా లోపలే కూర్చుంటారు."

కొలిమి చెవులు ఎర్రబడ్డాయి. ఏదో ఒక వంక చెప్పి వెనక్కి తిరుగుతాడనుకున్నాను.

"కూర్చోలేరక్కా," అన్నాడు. "ఇంకా పెరుగుతుంది. నా లెక్కలో ముందే వచ్చింది. అందరూ నవ్వుతున్నారని నేనే తగ్గించాను."

పిల్లలంతా అతన్నే చూశారు. ఈసారి తల దించుకోలేదు. అక్క చేతిలోని దుప్పటి నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నేను ఫోన్ చేసినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"నేనైతే నవ్వేదాన్ని కాదు కదరా," అంది ఆవిడ.

అతను సాయం చేద్దామని చెయ్యి చాపాడు. దుప్పటి రెండో కొస ఆవిడ నా చేతికిచ్చింది.