మూడో చరణం

నేను చదివిన పుస్తకాల్లో కీర్తనలు కట్టినవాళ్లను రాజులు పల్లకీ ఎక్కించేవారు. మా బాపు పొద్దున్నే నడుచుకుంటూ పత్తర్‌గట్టి బజారుకు పోయి, ఒక సేటు దుకాణంలో రోజంతా బట్ట కొలిచి, చించి, మడతపెట్టి వచ్చేవాడు. పాటకు మిగిలింది తెల్లవారుజాము ఒక్కటే. నేను పొయ్యి రాజేస్తూ వినేదాన్ని. ఆయన గొంతు ఎప్పుడో పోయింది. రాగం సన్నగా ముక్కులోనే నడిచేది, తాళం మాత్రం తొడ మీద గట్టిగా పడేది. నచ్చకపోతే మళ్లీ మొదటికి. ఒక్కో కీర్తన కుదరడానికి చలికాలమంతా పట్టేది.

ప్రతి కీర్తనకూ మూడు చరణాలు. మూడోదాని చివర తన పేరు కలిసేలా ఒక మాట పెట్టేవాడు. దాన్ని ముద్ర అంటారు. పాట ఎవరు పాడినా, కట్టినవాడెవరో ముద్ర వల్లే తెలుస్తుంది. తన ముద్ర ఇంకొకరి నోట, నలుగురి మధ్య ఒక్కసారి వినాలని బాపు కోరిక. పైకి ఎప్పుడూ అనలేదు. అయినా అమ్మకూ నాకూ తెలుసు.

ఆయన దగ్గర నేర్చుకున్న ఒకామెకు రేడియోలో పాడే అవకాశం వచ్చింది. బాపు కీర్తనే పాడతానంది. ఆయన గొంతు పలకదు కాబట్టి నేనే పాడి వినిపించాలి. ఆమె మా ఇంటికి వచ్చిన రోజు సిగ్గుతో తలుపు చాటున కూర్చుని మొదలుపెట్టాను.

"ఏందమ్మా, నేనేమన్న పెండ్లిచూపులకొచ్చిన్నా? ఇవతలికి రా!" అని ఆమె నవ్వింది.

మా గల్లీలో రేడియో బాపు పనిచేసే సేటు ఇంట్లోనే ఉండేది. ఆమె పాడే సాయంత్రం మగవాళ్లు ముందుగదిలో, మేము గుమ్మం లోపల కూర్చున్నాం. పల్లవి, అనుపల్లవి, మొదటి చరణం చక్కగా వచ్చాయి. తర్వాత ఆమె స్వరాలు ఎత్తుకుంది. ఉత్సాహం వచ్చింది కాబోలు, ఎంతకీ ఆపలేదు. ఆపి పల్లవి అందుకునేసరికి సమయం అయిపోయింది. ఉర్దూలో వార్తలు మొదలయ్యాయి. బాపు చెయ్యి ఇంకా తాళం వేస్తూనే ఉంది.

"మస్తు పాడింది," అన్నాడు సేటు. "పాత కీర్తన గావచ్చు. ఎవరిదో ఏమో!"

"ఎవరిదేంది? మా ఆయనదే!" అంది అమ్మ లోపలి నుంచి.

అందరూ నవ్వారు. "గట్లనా చెల్లె! మరి పాటల ఆయన పేరు ఇనవడలే గద?"

"పోనియ్ సేట్," అన్నాడు బాపు. "పాతదే."

దారిలో అమ్మ ఊరుకోలేదు. "నాదే అననీకి నోరు లేదా నీకు?"

"కట్టినోడు చెప్పుకోవద్దే. పాట చెప్పాలె."

"పాట చెప్పకపాయె!"

బాపు అడుగుల వేగం పెంచాడు.

రెండు రోజులకు ఆమె మిఠాయి పట్టుకుని వచ్చింది. "మూడు చరణాలకు టైము చాలదు గురువుగారూ. ఈసారి చిన్నదియ్యండి."

ఆమె వెళ్లాక అమ్మ అంది, "పల్లవిల్నే పెట్టరాదు నీ పేరు?"

"దేవుని కన్న ముందు నేను కూసోవాల్నా?"

మర్నాడు అప్పుడే పూర్తయిన కీర్తనను తీసుకుని కోయడం మొదలుపెట్టాడు. మొదటి చరణం తీసేశాడు. రెండోది కూడా తీసేశాడు. 'కొలిచి కొలిచి అలసిన చేతులతో మొక్కడానికి వచ్చాను, ఎక్కువసేపు నిలబెట్టకు స్వామీ' అని ఆ రెండో చరణంలో ఉంది. అలాంటి మాట ఆయన పాటలో అంతకు ముందు నేను వినలేదు.

"గది మంచిగుండె బాపూ," అన్నాను.

"మంచిగనే ఉండె బిడ్డా. జాగ లేదు."

ఆ కీర్తన రేడియోలో ముద్రతో సహా వచ్చింది. సేటు దుకాణంలో అందరి ముందూ బాపు భుజం తట్టాడట. ఆ సంగతి మాకు దుకాణంవాళ్లు చెబితేనే తెలిసింది. బాపు ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, అన్నం తిని పడుకున్నాడు.

ఆ తర్వాత ఆయన కట్టినవన్నీ ఒక్క చరణం కీర్తనలే. రెండోది కట్టవేమని అడిగితే, "సరిపోతది" అనేవాడు.